కింది గీత లేని అక్షరం

శుక్రవారం పదకొండూ ఇరవై ఐదుకి నేను అర్మాస్ బాబాయ్ టైర్ల షాపు తలుపు తోసేసరికి, ఆయన నేరం ఒప్పేసుకుని, సంతకం కూడా పెట్టేసి, అందరికీ కాఫీ కాస్తున్నాడు.

"రండి టూవి గారూ! మీకోసమే చూస్తున్నాం. పని అయిపోయింది. ఇక మిగిలింది కాఫీ ఒక్కటే" అన్నాడు యార్నో రౌతాకోస్కి, కాగితాలు ఫైల్లో సర్దుకుంటూ.

ఇతను రోడ్డు ప్రమాదాల మీద విచారణ చెయ్యడానికి దేశం దక్షిణాది నుంచి ఈ ఉత్తర తీరానికి బదిలీ మీద వచ్చి ఆరు నెలలైంది. ముప్పై ఎనిమిదేళ్ళు. నవంబరులో కూడా తోలు సోలు బూట్లు వేసుకుని, గడ్డకట్టిన రోడ్ల మీద బాతులా నడుస్తాడు. నేను లోహిరంతా పోలీసు స్టేషన్లో ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇన్‌స్పెక్టర్ని. నన్ను చూసినప్పుడల్లా అతని మొహంలో "ఈవిడ ఇంకా రిటైర్ కాలేదా" అన్న ప్రశ్న కనిపిస్తుంది. నేను దాన్ని చూడనట్టే ఉంటాను.

"నా కేసులో నేను లేకుండా సంతకమా?" అన్నాను.

"మీకు ఈయన చిన్నప్పట్నుంచీ తెలుసట కదా! మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని."

"ఎంత మర్యాద!"

"ఒంటిగంటకి ఫైలు ప్రాసిక్యూటరు బల్ల మీద ఉండాలి. కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు ఆయనే, తప్పు తనదేనని. ఇంకేం కావాలి మీకు?"

బుధవారం మధ్యాహ్నం మూడూ నలభైకి, ఎనిమిదో నెంబరు రోడ్డు మీద, కౌకో రింటమాకి కారు ఎడమ ముందు చక్రం ఊడిపోయింది. పడవలు బాగుచేసుకుని బతికే అరవయ్యేళ్ళ మనిషి. బండి ఎనభై మీద ఉంది. వెళ్ళి బర్చ్ చెట్లని గుద్దుకుంది. రెండు రోజులుగా ఔలు ఆసుపత్రిలో తెలివి లేకుండా పడి ఉన్నాడు. ఆ కారుకి చలికాలం చక్రాలు బిగించింది అర్మాస్ నిస్కలా. ప్రమాదానికి తొమ్మిది రోజుల ముందు.

ఊరందరి ప్రాణాలూ యాభై రెండేళ్ళుగా ఆ చేతుల్లో పెట్టి బిగించుకున్నాం. ఇప్పుడు డెబ్బై ఎనిమిదో ఏట ఆ చేతుల వల్లే ఒక మనిషి చావుబతుకుల్లో ఉన్నాడని కోర్టులో రాస్తే, శిక్ష సంగతి ఎలా ఉన్నా, ఆ మాట మోస్తూ ఆయన ఇంకో చలికాలం బతకడు. ఇది నాకు పోలీసుగా తెలిసిన సంగతి కాదు. ఎనిమిదేళ్ళ వయసు నుంచీ ఈ షాపులో తిరిగినదానిగా తెలుసు.

లోపలికి అడుగు పెట్టగానే అదే వాసన. కొత్త రబ్బరు, మరిగిన కాఫీ, తడిసిన ఉన్ని చేతితొడుగులు. ఆ వాసనకి మా నాన్న గుర్తొస్తాడు. మొదటి మంచు పడిన రోజు సగం ఊరు ఇక్కడే ఉండేది. కొండవీటి చాంతాడంత క్యూ. మా నాన్న ప్రతి ఏడూ "వచ్చే ఏడు ముందుగా వస్తాను అర్మాస్" అనేవాడు, ప్రతి ఏడూ మొదటి మంచుకే వచ్చేవాడు. అర్మాస్ భార్య ఆల్ఫ్‌హిల్డ్ పిన్ని క్యూలో వాళ్ళందరికీ యాలకుల బన్నులు పంచేది. నేనూ, వాళ్ళమ్మాయి గున్వోరూ పిడికిట్లో సుద్దముక్కలతో టైర్ల గుట్టల మధ్య దూరేవాళ్ళం. ఆ రోజులు మళ్ళీ కావాలని అడిగే వయసు దాటిపోయింది గానీ, అడగాలనే ఉంటుంది నాకు.

"బాబాయ్, కూర్చో. నాకూ చెప్పు ఏం జరిగిందో" అన్నాను.

అర్మాస్ కాఫీ కప్పు నా ముందు పెట్టాడు. కళ్ళెత్తి చూడలేదు.

"చెప్పడానికేముందమ్మాయ్? వేసవి నట్లు పెట్టేశాను. ముసలితనం. రాసుకున్నాడుగా ఆ బాబు."

"నాలుగు చక్రాలకీనా?"

"ఒక్కదానికే. ఎడమ ముందుదానికి."

"మిగతా మూడింటికీ సరైనవి పెట్టి, ఒక్కదానికి తప్పువెలా పెట్టావు?"

"మధ్యలో ఫోనొచ్చింది. మాట్లాడి వచ్చి, చేతికందినవి పెట్టేశాను."

"చేతిలో పానా ఉండగా నువ్వు ఫోనెత్తావా? పిన్ని ఆసుపత్రిలో చేరిన రోజే ఎత్తలేదు నువ్వు. నేను పరిగెత్తుకొచ్చి చెప్పాల్సొచ్చింది."

ఆయన చేతిగుడ్డతో బల్ల తుడవడం మొదలుపెట్టాడు. బల్ల శుభ్రంగానే ఉంది.

రౌతాకోస్కి గొంతు సవరించుకున్నాడు. "జ్ఞాపకాలు తర్వాత కలబోసుకుందురుగాని. సాక్ష్యం చూడండి" అంటూ ప్లాస్టిక్ సంచి నా ముందుకి తోశాడు. రోడ్డు మీద ఏరిన మూడు నట్లు. మిగతా రెండూ దొరకలేదు.

మా ఊళ్ళో బండి ఉన్న ప్రతివాడికీ ఈ తేడా తెలుసు. చలికాలం చక్రాలు మామూలు స్టీల్ రిమ్ములు. వాటి నట్లకి మొన కోసుగా ఉంటుంది, రిమ్ము గుంటలో సరిగ్గా దిగుతుంది. వేసవి చక్రాలు మెరిసే అల్లాయ్‌వి. వాటి నట్లకి అడుగు బల్లపరుపుగా ఉంటుంది. బల్లపరుపు నట్టుని స్టీల్ రిమ్ముకి పెడితే బిగిసినట్టే ఉంటుంది గానీ, యాభై, అరవై కిలోమీటర్లు పోయేసరికి వదులైపోతుంది. సంచిలో ఉన్న మూడూ బల్లపరుపువే.

"ఎన్నింటికి వచ్చావు ఇక్కడికి?" అని అడిగాను రౌతాకోస్కిని.

"తొమ్మిదిన్నరకి."

"రాగానే ఒప్పుకున్నాడా?"

"ఎక్కడ! నట్లు చూపిస్తే నలభై నిమిషాలు నా మీద విరుచుకుపడ్డాడు. నేను పుట్టకముందు నుంచీ చక్రాలు బిగిస్తున్నాట్ట. నేను కాకమ్మ కబుర్లు చెబుతున్నానట. పానా తీసి చూపించాడు కూడా. సరే, చక్రం చూద్దువుగాని రా అని వ్యానులోంచి దింపించాను. అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. అప్పటికి పదీ పది. పదీ పదిహేనుకి సంతకం పెట్టాడు."

"అంటే చక్రం తిప్పి చూసిన అయిదు నిమిషాలకి."

"సాక్ష్యం కళ్ళెదుట పెడితే ఎంతటివాడైనా దిగొస్తాడండీ. అనుభవం మీద చెబుతున్నాను."

"చక్రానికి నట్లు ఉండవుగా యార్నో. అవి సంచిలో ఉన్నాయి. నట్లు చూసినప్పుడు ఒప్పుకోని మనిషి, చక్రం చూసి ఎందుకు ఒప్పుకున్నాడు?"

అతని మెడ కొంచెం ఎర్రబడింది.

చక్రం గోడకి ఆనించి ఉంది. మంచు మీద జారకుండా చిన్న మేకులు పొదిగిన టైరు. రిమ్ము ఒకవైపు వంగిపోయింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని తిప్పాను. అర్మాస్ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

ఒకచోట, దారిలో మేకు దిగిన కన్నం కొత్తగా రబ్బరుతో పూడ్చి ఉంది. బండి లోపలివైపుకి ఉండే పక్కన సుద్దతో రాసిన గుర్తులు రెండు. మా దగ్గర చక్రం ఊడదీశాక మొదటిపని అది ఎక్కడిదో దాని మీద రాయడం. అర్మాస్ పసుపు సుద్దతో రాస్తాడు. ఇక్కడ కూడా పసుపు రంగులో, ఏప్రిల్లో రాసింది, సగం చెరిగిపోయి V, E అక్షరాలున్నాయి. మా ఫిన్నిష్‌లో ఎడమ, ముందు అనే మాటల తొలి అక్షరాలు. దాని పక్కనే తెల్ల సుద్దతో, తాజాగా, మళ్ళీ రెండు అక్షరాలు.

"అదా? నేనూ చూశాను" అన్నాడు రౌతాకోస్కి నా భుజం మీంచి వంగి. "రెండోసారి రాసినప్పుడు E అక్షరానికి కింది గీత మర్చిపోయాడు. కళ్ళు కనబడట్లేదనడానికి అదొక ఋజువు. రిపోర్టులో రాశాను."

నాకు నవ్వొచ్చింది. దక్షిణాది మనిషికి అది గీత మర్చిపోయిన E. ఈ తీరంలో పుట్టినవాళ్ళకి అది F. ఇక్కడ సగం ఇళ్ళలో స్వీడిష్ మాట్లాడతారు. ఆ భాషలో కూడా ఎడమ అనే మాట V తోనే మొదలవుతుంది, ముందు అనే మాట మాత్రం F తో.

ఆల్ఫ్‌హిల్డ్ పిన్నిది స్వీడిష్. కూతురికి అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఈ షాపులో నేను రాసిన టైర్ల మీద E ఉండేది, గున్వోర్ రాసినవాటి మీద F ఉండేది. "ఇద్దరూ ఒక్కలాగే రాయండే, చచ్చిపోతున్నాను" అని అర్మాస్ నెత్తి కొట్టుకునేవాడు. గున్వోర్ వినలేదు. "అమ్మ నేర్పింది ఇదే" అని మూతి ముడుచుకునేది. ఆ F పైగీతని కొంచెం వంచి, టోపీ పెట్టినట్టు రాసేది. నలభై ఏడేళ్ళ తర్వాత, తెల్ల సుద్దలో, ఆ వంపు నా కళ్ళెదుట ఉంది. ఆ క్షణాన నేను పోలీసుని కాకపోతే బాగుండుననిపించింది. గున్వోర్ కంటే దగ్గరి మనిషి నాకీ ఊళ్ళో లేదు.

నేను లేచి వెనక గదిలోకి నడిచాను. అక్కడ ఊరందరి వేసవి చక్రాలూ అరల్లో నిద్రపోతుంటాయి. ప్రతి అరలోనూ ఒక పాత కాఫీ డబ్బా, దాని మీద యజమాని పేరు, దాన్లో ఆ చక్రాల నట్లు. రింటమాకి డబ్బా తీసుకొచ్చి బల్ల మీద బోర్లించాను.

"లెక్కపెట్టు యార్నో."

"దేనికి?"

"వేసవి చక్రాలకి ఇరవై నట్లు. అర్మాస్ అందులో అయిదు తీసి చలికాలం చక్రానికి పెట్టేసి ఉంటే, ఇక్కడ పదిహేనే ఉండాలి. లెక్కపెట్టు."

అతను విసుగ్గానే మొదలుపెట్టాడు. పదిహేను దాటాక వేగం తగ్గింది. అన్నీ బల్లపరుపు నట్లే. ఇరవై. మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెట్టాడు. మళ్ళీ ఇరవై.

"వేరే ఎవరి డబ్బాలోంచో తీసి ఉండచ్చుగా?" అన్నాడు, గొంతులో పదును తగ్గకుండానే.

"అన్ని డబ్బాలూ అక్కడే ఉన్నాయి. వెళ్ళి చూడు. పైగా, చక్రం ఊడదీస్తేనే ఆ లోపలి పక్కన రాయగలరు. తెల్ల సుద్ద అర్మాస్‌ది కాదు, రాసిన భాషా ఆయనది కాదు. ఇక్కడ బిగించాక ఈ చక్రాన్ని ఇంకెవరో ఊడదీసి మళ్ళీ పెట్టారు. నువ్వు సంతకం పెట్టించుకున్నది అబద్ధం మీద."

"అబద్ధం చెప్పింది ఆయనండీ, నేను కాదు!"

"చెప్పించుకున్నది నువ్వు. ఒక పక్క బూట్లు మార్చుకో, ఇంకో పక్క ఇక్కడి అక్షరాలు నేర్చుకో."

అనవసరంగా అన్నాను ఆ మాట. కానీ నా కోపం అతని మీద కాదు. అతను మొహం మాడ్చుకుని వెనక గదిలోకి డబ్బాలు చూడ్డానికి వెళ్ళాడు.

నేను అర్మాస్ ఎదురుగా కూర్చున్నాను. గొంతు తగ్గించి అడిగాను.

"గున్వోర్ ఎప్పుడు ఊడదీసింది బాబాయ్?"

ఆయన చేతిగుడ్డ మడిచి పక్కన పెట్టాడు. మాట్లాడినప్పుడు ఆయన గొంతు నేను గుర్తుపట్టలేదు.

"సోమవారం సాయంత్రం ఫోన్ చేసింది. తన ఇంటి పెరట్లో బండికి టైర్లు మార్చుకుంటోందట. అప్పుడే కౌకో వచ్చాడట, మేకు దిగిందని. 'నాన్నా, కన్నం నేనే పూడ్చేశాను, నువ్వు చేసినట్టే చేశాను' అని ఒకటే సంబరం. నేనేమన్నానో తెలుసా? ఒకసారి ఇటు పట్రమ్మను, చూస్తానన్నాను. నవ్వేసింది."

"ఆ అయిదు నట్లూ..."

"తనవి అయ్యుంటాయి. ఇద్దరివీ ఒకే రకం బళ్ళు. చీకటి పడుతోంది, చేతులు కొంకర్లు పోతుంటాయి." ఆయన బల్ల మీదకి వంగాడు. "టూవీ, దానికి తెలియకూడదు. అది ఇరవై ఏళ్ళు ఒంటరిగా ఉంది. ఈ వేసవిలోనే, ఆ పడవలవాడి పుణ్యమా అని, మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది. అతన్ని తన చేతుల్తోనే ఆ మంచం ఎక్కించానని తెలిస్తే అది తట్టుకోగలదా? నాకేం, ముసలాణ్ణి. నేనే చేశానని ఉంచెయ్. నీకు దణ్ణం పెడతాను."

నిజంగానే చేతులు జోడించబోయాడు. నేను పట్టుకుని ఆపాను. మా ఊళ్ళో ఎవరూ ఎవరికీ అలా చెయ్యరు. ఆ చేతులు పట్టుకున్నాక నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"డబ్బాలన్నీ సరిగానే ఉన్నాయి" అంటూ రౌతాకోస్కి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. మా ఇద్దరినీ చూశాడు. ఎంతవరకూ విన్నాడో తెలియదు. "ఒక సంగతి అడుగుతాను, తప్పుగా అనుకోకండి" అన్నాడు మెల్లగా. "ఆ మూడు నట్లూ ఇంకెవరి బండివో అయితే, రింటమాకి బండికి ఉండాల్సిన అయిదు కోసు నట్లూ ఎక్కడున్నట్టు?"

నాకు ఈ ప్రశ్న తట్టలేదు. ఒక పాత స్నేహం కళ్ళకి అడ్డం పడితే, ఎదురుగా ఉన్నదీ కనబడదు.

"బాబాయ్, గున్వోర్ చలికాలం చక్రాలు స్టీలువా?"

"కాదు. పోయినేడు ముచ్చటపడి అల్లాయ్‌వి కొనుక్కుంది. రెండు కాలాలకీ అవే బల్లపరుపు నట్..."

మాట మధ్యలోనే ఆయనకి అర్థమైంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. కౌకో చక్రానికి ఆమె నట్లు వెళ్ళాయంటే, ఆమె చక్రానికి కౌకో నట్లు వచ్చాయి. అల్లాయ్ చక్రం పెద్ద కన్నంలో కోసు నట్టు. అదీ నిలవదు.

"బండి తీస్తోందా తను?" అని అరిచాను.

"లైబ్రరీకి సైకిలే. సోమవారం నుంచీ తియ్యలేదు. ఇవాళే..." ఆయన గోడ గడియారం కేసి చూశాడు. "కౌకోని చూడ్డానికి. ఔలుకి. పదకొండుకి బయల్దేరింది."

పన్నెండుకి అయిదు నిమిషాలు తక్కువ. యాభై అయిదు నిమిషాలు. డెబ్బై కిలోమీటర్ల పైమాటే. బుధవారం ఇంటి దగ్గర బయల్దేరాక కౌకో చక్రం ఎన్ని కిలోమీటర్లకి ఊడిందో రౌతాకోస్కి ఫైలు చూడకుండానే చెప్పాడు. "డెబ్బై ఒకటి."

నేను గున్వోర్‌కి ఫోన్ చేశాను. నాలుగో రింగుకి ఎత్తింది. నేను స్పీకరు పెట్టాను.

"ఒసేయ్ టూవీ! బండిలో ఉన్నానే. నువ్వు ఆసుపత్రికి ఫోన్ చేశావా, ఎలా ఉందట అతనికి?"

"గున్వోర్, విను. బండి ఎలా నడుస్తోంది?"

"అదేంటే ప్రశ్న? స్టీరింగ్ కొంచెం వణుకుతోంది. రోడ్డు బాగాలేదు. ఇందాకట్నుంచి ఏదో టకటకమంటోంది, పెట్రోలు బంకు రాగానే చూసుకుంటా."

అర్మాస్ నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. అంతవరకూ బతిమాలిన మనిషి ఆయనేనా అనిపించింది.

"గున్వోర్, నేను. నువ్వేం మాట్లాడకు. ఆ మోత విననియ్యి."

ఫోన్లోంచి ఇంజను రొద, దాని కిందనుంచి టక్, టక్, టక్ మని. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఎడమ ముందుది. బ్రేకు మీద కాలు పెట్టకు తల్లీ. పెట్టావంటే చక్రం పోతుంది. యాక్సిలరేటరు మీంచి కాలు తీసెయ్. స్టీరింగు రెండు చేతుల్తో నిటారుగా పట్టుకో. దానంతటదే తగ్గాలి."

"నాన్నా, వెనక లారీ ఉంది. నెత్తి మీదకొస్తున్నాడు."

"రానీ. హెచ్చరిక లైట్లు వెయ్యి. వాడు చూసుకుంటాడు. నువ్వు రోడ్డే చూడు."

లారీ హారను గదంతా నిండింది. నేను రౌతాకోస్కి మోచెయ్యి పట్టుకుని ఉన్నానని తర్వాత తెలిసింది. టక్ టక్ మోత మెల్లమెల్లగా దూరదూరంగా వినిపించసాగింది. ఒకసారి పెద్దగా గీరుకున్న చప్పుడైంది. తర్వాత ఏమీ వినబడలేదు.

"గున్వోర్?"

"ఆగాను. పక్కకి దింపి ఆగాను." తలుపు తీసిన చప్పుడు, గడ్డకట్టిన కంకర మీద అడుగులు. "దేవుడా! నాన్నా, రెండే ఉన్నాయి. మూడు పోయాయి."

అర్మాస్ బల్ల మీద మోచెయ్యి ఆన్చి కూలబడ్డాడు. "పోతే పోనీ. నువ్వున్నావు. చాలు."

అటువైపు గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. తను వంగి చూస్తోందని నాకు తెలుసు. టైర్ల మనిషి కూతురు చూడకుండా ఎలా ఉంటుంది?

"నాన్నా" అంది చివరికి, చిన్నపిల్ల గొంతుతో. "ఇవి కోసు నట్లు. నావి కావు ఇవి."

"అది నేనేనమ్మా. నేనే పొరపాటున..."

"నా బండిని నువ్వు ముట్టుకోనే లేదు కదా. ఇవి కౌకోవి. సోమవారం ఒకే గోనెపట్టా మీద పెట్టాను, తనవీ, నావీ." గాలి. "మరి నావి ఎక్కడున్నాయి నాన్నా?"

నేను అర్మాస్ కేసి చూడలేకపోయాను. ఆమె అడుగుతోందంటే అప్పటికే తెలిసిపోయిందని ఆయనకీ తెలుసు.

"బండిలో కూర్చోమ్మా. చలి" అన్నాడు. "నేను వస్తున్నాను. వచ్చి చెప్తాను."

లేచి గోడకున్న కోటు అందుకున్నాడు. చెయ్యి దూర్చబోతే ఎంతకీ దారి దొరకలేదు. రౌతాకోస్కి ఫైలు బల్ల మీద పడేసి వెళ్ళి, ఆయన చెయ్యి దూరేలా కోటు పట్టుకున్నాడు.